ఇంటికప్పు, ఎండవేడిమి: పొరల లెక్క

రోహిణీకార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దల మాట. ఆ రోజులలో కోస్తా గ్రామాలలో ఒక దృశ్యం కానవస్తుంది. ఎంతో వ్యయప్రయాసలకోర్చి శ్లాబు ఇల్లు కట్టుకున్న గృహస్థు, మధ్యాహ్న భోజనం కాగానే మంచం ఎత్తుకొని పక్కనున్న తాటాకు పాకలోకి విశ్రాంతికి వెళతాడు. పక్కా ఇల్లు అతనికి గాలివాన నుండి, అగ్నిప్రమాదం నుండి రక్షణ ఇచ్చింది. ఎండ నుండి మాత్రం ఇవ్వలేకపోయింది. పాకకు కప్పిన ఆకు చేయగలిగిన పనిని కాంక్రీటు ఎందుకు చేయలేకపోయింది?

ఈ ప్రశ్న కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో 2000 మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. ఎండలో పనిచేసేవారికే కాక, పగలంతా కాగిన కప్పు కింద రాత్రి నిద్రకు దూరమయ్యే వృద్ధులకు, పసిపిల్లలకు, రోగులకు కూడ వేడిమి ముప్పు కలిగిస్తుంది. కప్పు గుండా లోపలికి వచ్చే వేడిమి ఎంతో ముందుగానే లెక్కకట్టవచ్చు. ఆ లెక్కకు కూడిక, భాగహారం తెలిస్తే చాలు.

ఉష్ణం ప్రయాణించే తీరు

ఉష్ణం ఎల్లప్పుడూ వేడి ప్రదేశం నుండి చల్లని ప్రదేశానికి మూడు మార్గాలలో ప్రయాణిస్తుంది. ఘనపదార్థంలో ఒక కణం నుండి పక్క కణానికి అందుతూ సాగిపోవడం వహనం. గాలి, నీరు వంటివి కదలుతూ తమతో ఉష్ణాన్ని తీసుకొనిపోవడం సంవహనం. సూర్యుని వేడిమి భూమికి చేరినట్లు, మధ్యలో ఏ పదార్థం లేకపోయినా కిరణరూపంలో ప్రసరించడం వికిరణం. ఇంటికప్పు విషయంలో ఈ మూడూ కలిసి పనిచేస్తాయి. ఎండ వికిరణరూపంలో కప్పును తాకుతుంది, కప్పు మందం గుండా వహనంచేత దిగుతుంది, లోపలి ముఖం నుండి మళ్ళీ వికిరణ సంవహనాల ద్వారా గదిలోకి వస్తుంది.

వహనానికి సంబంధించిన గణిత సూత్రాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త ఝోసెఫ్ ఫూరియే 1822లో ప్రకటించిన తన ఉష్ణసిద్ధాంత గ్రంథంలో వివరించాడు. దాని సారాంశం ఇది: పలక వైశాల్యం పెరిగినకొద్దీ, రెండు ముఖాల మధ్య ఉష్ణోగ్రతా భేదం పెరిగినకొద్దీ ప్రసరించే ఉష్ణం పెరుగుతుంది, పలక మందం పెరిగినకొద్దీ తగ్గుతుంది. వీటికి తోడు పదార్థ స్వభావాన్ని తెలిపే సంఖ్య ఒకటి ఉన్నది. దానినే ఉష్ణవాహకత అంటారు. ఒక చదరపు మీటరు వైశాల్యం, ఒక మీటరు మందం గల దిమ్మెకు రెండు ముఖాల మధ్య ఒక డిగ్రీ సెల్సియస్ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్ల ఉష్ణం ప్రసరిస్తుందో ఆ సంఖ్య చెబుతుంది. సెకనుకు ఒక జౌలు చొప్పున సాగే ప్రవాహమే ఒక వాటు.

గృహనిర్మాణంలో వాడే కొన్ని పదార్థాల ఉష్ణవాహకత ఉజ్జాయింపుగా ఇలా ఉంటుంది:

ఇనుము కూర్చిన కాంక్రీటు: 1.58
ఇటుక కట్టుబడి: 0.81
సిమెంటు పూత: 0.72
గడ్డి తరుగు కలిపిన మట్టిపొర: 0.52
సిమెంటు రేకు: 0.25
తాటాకు లేదా గడ్డి కప్పు: 0.07
థర్మోకోల్: 0.037
కదలని గాలి: 0.026

ఈ పట్టికలోని చివరి మూడింటికి ఒక సంబంధం ఉన్నది. తాటాకు కప్పులోను, థర్మోకోల్‌లోను మనకు మేలుచేసేది ప్రధానంగా ఆ పదార్థం కాదు. దాని సందులలో, గుల్లలలో చిక్కుకొని కదలలేక నిలిచిపోయిన గాలి. చలికాలంలో ఉన్నిదుప్పటి వెచ్చగా ఉండడానికి కారణం కూడ ఇదే. గాలి స్వేచ్ఛగా కదిలితే సంవహనంచేత ఉష్ణాన్ని మోసుకొనిపోతుంది. బంధించి ఉంచితే అదే మనకు చౌకలో లభించే ఉష్ణబంధకం.

నిరోధాల కూడిక

కప్పు సాధారణంగా ఒకే పదార్థంతో తయారు కాదు. శ్లాబు, దానికింద పూత, పైన మట్టి, ఆపైన ఇటుకబిళ్ళలు, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది. అటువంటప్పుడు వాహకతను గాక, దానికి విలోమమైన నిరోధాన్ని లెక్కించడం సులభం. పొర మందాన్ని మీటర్లలో తీసుకొని ఉష్ణవాహకతచేత భాగిస్తే ఆ పొర ఉష్ణనిరోధం వస్తుంది. ఒకదానిపై ఒకటి పరచిన పొరల నిరోధాలన్నిటిని కూడితే మొత్తం నిరోధం వస్తుంది. ఒకే తీగలో వరుసగా కలిపిన విద్యున్నిరోధాలను కూడే పద్ధతి విద్యార్థులకు పరిచితమే. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. 1827లో విద్యుత్ప్రవాహ నియమాన్ని ప్రకటించిన ఓమ్, ఫూరియే ఉష్ణసిద్ధాంతం నుండే స్ఫూర్తి పొందాడు.

ఈ కూడికలో తరచు మరచిపోయే అంశం ఒకటి ఉన్నది. కప్పు పై ముఖాన్ని, కింది ముఖాన్ని అంటిపెట్టుకొని పలుచని గాలిపొరలు ఉంటాయి. అవి కూడ ఉష్ణాన్ని నిరోధిస్తాయి. వేడిమి పైనుండి కిందికి దిగేటప్పుడు బయటి గాలిపొరకు 0.04, లోపలి గాలిపొరకు 0.17 చొప్పున నిరోధాన్ని తీసుకోవడం పరిపాటి. మొత్తం నిరోధంతో ఒకటిని భాగించగా వచ్చే సంఖ్యను ఉష్ణప్రసార గుణకం అంటారు. చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు లోపలికి వస్తాయో అది సూటిగా చెబుతుంది. అది ఎంత తక్కువగా ఉంటే ఇల్లు అంత సుఖప్రదం.

ఇప్పుడు 10 సెంటీమీటర్ల శ్లాబుకు అడుగున 1 సెంటీమీటరు సిమెంటు పూత ఉన్నదనుకుందాం.

బయటి గాలిపొర: 0.040
శ్లాబు (0.10 ÷ 1.58): 0.063
పూత (0.01 ÷ 0.72): 0.014
లోపలి గాలిపొర: 0.170
మొత్తం: 0.287

ఒకటిని 0.287చేత భాగిస్తే ఉష్ణప్రసార గుణకం 3.48. ఈ మొత్తంలో శ్లాబు, పూతల వాటా 0.077 మాత్రమే. దాదాపు మూడువంతుల రక్షణ కంటికి కనబడని గాలిపొరలదే! బరువును మోయడంలో కాంక్రీటు బలశాలి. వేడిమిని ఆపడంలో దుర్బలమైనది.

ఇక పాక మాట చూద్దాం. 15 సెంటీమీటర్ల మందాన తాటాకు కప్పితే దాని నిరోధం 0.15 ÷ 0.07, అనగా 2.14. గాలిపొరలను కలిపితే 2.35. గుణకం 0.43. అదే పాకకు ఆకు తీసివేసి 6 మిల్లీమీటర్ల సిమెంటు రేకు వేస్తే మొత్తం నిరోధం 0.234కు పడిపోతుంది, గుణకం సుమారు 4.3కు పెరుగుతుంది. అంటే నిప్పుకు, వానకు జడిసి ఆకును విడిచి రేకు వేసుకున్న పేదవాని ఇంట్లోకి వేడిమి పది రెట్లు సులభంగా ప్రవేశిస్తున్నది. ఆ గృహస్థు మంచం ఎత్తుకొని పాకలోకి ఎందుకు వెళ్ళాడో ఇప్పుడు సంఖ్యలే చెబుతున్నాయి.

ఎండలో కప్పు

లెక్క పూర్తి కావాలంటే ఉష్ణోగ్రతా భేదం తెలియాలి. బయటి గాలి 42 డిగ్రీలు ఉన్నంతమాత్రాన కప్పు 42 డిగ్రీలే ఉండదు. నడినెత్తిన ఎండ చదరపు మీటరుకు 900 వాట్ల చొప్పున పడుతున్నదనుకుందాం. మాసిన శ్లాబు అందులో నూటికి 70 వంతులు, అనగా 630 వాట్లు గ్రహిస్తుంది. దానిని బయటి గాలిపొర నిరోధమైన 0.04చేత గుణిస్తే 25 వస్తుంది. కనుక కప్పుపై వాస్తవంగా పనిచేసే ఉష్ణోగ్రత 42కు 25 కలుపగా 67 డిగ్రీలు. గది లోపల 32 డిగ్రీలు ఉంచదలిస్తే తేడా 35 డిగ్రీలు.

మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు గల గది కప్పు వైశాల్యం 12 చదరపు మీటర్లు. వట్టి శ్లాబు అయితే 3.48 × 35 × 12, అనగా దాదాపు 1,460 వాట్ల ఉష్ణం గదిలోకి దిగుతుంది. నడివేసవిలో ఒకటిన్నర కిలోవాట్ల హీటరు వెలిగించి గదిలో పెట్టుకున్నట్లే. పైగా ఇందుకోసం పంకా ఎంత వేగంగా తిరిగినా ప్రయోజనం స్వల్పం. ఎందుకంటే కప్పు అడుగు ముఖపు ఉష్ణోగ్రత ఇదే లెక్కలో 53 డిగ్రీలకు చేరుతుంది. మన చర్మం ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు మించదు. కనుక కప్పు కింద పడుకొన్నవానిపై అది నిరంతరం వికిరణం కురిపిస్తూనే ఉంటుంది. పంకా గాలిని మాత్రమే కదలించగలదు, వికిరణాన్ని ఆపలేదు.

ఉత్తర భారతంలో శ్లాబుపై గడ్డి తరుగు కలిపిన మట్టిని 10 సెంటీమీటర్ల మందాన పరచి, దానిపై 5 సెంటీమీటర్ల ఇటుకబిళ్ళలు కూర్చే పద్ధతి చాలకాలంగా ఉన్నది. దీనివల్ల నిరోధం 0.542కు పెరిగి, గుణకం 1.84కు తగ్గుతుంది. గదిలోకి దిగే ఉష్ణం 770 వాట్లు. కప్పు అడుగు ముఖం 43 డిగ్రీలు. మట్టికి బదులు 5 సెంటీమీటర్ల థర్మోకోల్ పలక పరచి దానిపై అవే బిళ్ళలు వేస్తే నిరోధం 1.70, గుణకం 0.59. దిగే ఉష్ణం సుమారు 250 వాట్లే. అడుగు ముఖం 36 డిగ్రీలకు మించదు.

ఖర్చు పెట్టలేనివారికి మరొక మార్గం ఉన్నది. శ్లాబుకు తెల్లని సున్నం పూస్తే ఎండలో నూటికి 30 వంతులు మాత్రమే గ్రహిస్తుందనుకుందాం. అప్పుడు కప్పుపై పనిచేసే ఉష్ణోగ్రత 53 డిగ్రీలకు తగ్గుతుంది. వట్టి శ్లాబు అయినా లోపలికి వచ్చే ఉష్ణం 1,460 నుండి 880 వాట్లకు పడిపోతుంది. ఒక్క సున్నపు పూత దాదాపు మట్టిపొర చేసినంత మేలు చేసింది. అయితే దుమ్ము పట్టి తెలుపు మాసినకొద్దీ ఈ లాభం తగ్గుతుంది కనుక ఏటా వేసవికి ముందు కడిగి తిరిగి పూయవలసి ఉంటుంది. 2010 నాటి వడగాడ్పుల అనుభవం తరువాత అహమ్మదాబాదు నగరం 2013లో వేడిమిని ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళికను రూపొందించుకున్నది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. అటువంటి విధానానికి ఆధారం ఈ చిన్న గుణకారమే.

ఎంత మందం చాలు?

2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత, నివాసగృహాల కప్పు ఉష్ణప్రసార గుణకం 1.2కు మించరాదని నిర్దేశించింది. వట్టి శ్లాబు దీనికి దాదాపు మూడు రెట్లు. 1.2 సాధించాలంటే మొత్తం నిరోధం 0.833 ఉండాలి. శ్లాబు, గాలిపొరలు, ఇటుకబిళ్ళలు కలిసి 0.35 ఇస్తాయి. కొరత 0.484. దీనిని మట్టితో పూరించాలంటే 25 సెంటీమీటర్ల మందం కావాలి. ఘనమీటరు మట్టి 1,600 కిలోగ్రాములనుకుంటే, మన గది కప్పుపై అదనంగా దాదాపు 5 టన్నుల బరువు పడుతుంది. ఆ బరువుకు తగినట్లు శ్లాబును, గోడలను, పునాదిని కూడ బలపరచాలి. థర్మోకోల్‌తో అయితే 18 మిల్లీమీటర్లు చాలును. దాని బరువు లెక్కలోకి రాదు. కాని థర్మోకోల్ నిప్పుకు సులభంగా అంటుకొనే పదార్థం. కనుక దానిని గదిలోపల కనబడేట్లు అతికించక, శ్లాబుపై పరచి బిళ్ళలతో కప్పడం క్షేమం.

మందం పెంచినకొద్దీ లాభం కూడ అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకోవడం పొరపాటు. మొదటి 5 సెంటీమీటర్ల థర్మోకోల్, దానిపై బిళ్ళలు కలిసి 1,460 వాట్లను 250కి తగ్గించాయి. మరి 5 సెంటీమీటర్లు చేర్చితే 250 కాస్తా 140కి తగ్గుతుంది. మొదటి పొర 1,200 వాట్లు ఆదా చేయగా రెండవది 110 మాత్రమే ఆదా చేసింది. పరిమితమైన ధనాన్ని ఒకే ఇంటికి రెండు పొరలుగా వెచ్చించడం కన్న, రెండు ఇళ్ళకు ఒక్కొక్క పొర వేయడంలో ప్రజలకు ఎక్కువ మేలున్నది.

లెక్క తప్పే చోట్లు

కాగితంపై సరిపోయిన లెక్క మేడమీద తప్పడానికి రెండు కారణాలు ముఖ్యమైనవి. ఒకటి, సందులు. పలకలు పరచడంలో కప్పు వైశాల్యంలో పదవ వంతు ఖాళీగా వదిలివేశారనుకుందాం. పక్కపక్కన ఉన్న భాగాలకు నిరోధాలను గాక, గుణకాలను వైశాల్యపు నిష్పత్తిలో కలపాలి. తొమ్మిది వంతులకు 0.59, ఒక వంతుకు 3.48 చొప్పున కలిపితే సగటు 0.88 వస్తుంది. పదవ వంతు మాత్రమే అయిన ఖాళీ, మొత్తం ఉష్ణంలో నూటికి 40 వంతులను లోపలికి విడిచిపెడుతున్నది. కుండకు చిల్లి ఎంత చిన్నదైనా నీరు నిలవదు కదా!

రెండవది, తడి. నీటి వాహకత సుమారు 0.6, నిశ్చలమైన గాలికి ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. గుల్లలలోని గాలిని తోసివేసి నీరు చేరితే బంధకం బంధకంగా మిగలదు. కనుక వాననీరు ఇంకకుండ చేసే పొర లేకుండ ఉష్ణబంధకానికి పెట్టిన ఖర్చు నీటిపాలే.

పొరల వరుస

మన కూడికలో పొరల వరుస మారినా మొత్తం మారదు. థర్మోకోల్ శ్లాబుకు పైన ఉన్నా, కింద ఉన్నా నిరోధం అంతే. అయినా ఆ రెండు ఇళ్ళలో నివసించేవారి అనుభవం ఒకటి కాదు. పైన చేసిన లెక్క, ఎండ మారకుండ చాలసేపు నిలిచి ఉంటుందన్న ఊహపై ఆధారపడినది. వాస్తవంలో సూర్యుడు ఉదయిస్తాడు, అస్తమిస్తాడు. కాగడానికి, చల్లారడానికి కప్పుకు కొన్ని గంటల కాలం పడుతుంది. అందువల్లనే నిజమైన పతాకస్థాయి మన లెక్కకన్న కొంత తక్కువగా ఉండి, ఆలస్యంగా సాయంకాలానికి వస్తుంది.

మన గదిపై ఉన్న శ్లాబు బరువు దాదాపు 2,760 కిలోగ్రాములు. అది 10 డిగ్రీలు కాగినప్పుడు తనలో దాచుకొనే ఉష్ణం 6.7 యూనిట్ల విద్యుత్తుకు సమానం. రాత్రి చల్లారేటప్పుడు ఇందులో గణనీయమైన భాగం నిద్రించేవారిపై పడుతుంది. బంధకాన్ని శ్లాబుకు పైన పరిస్తే ఎండ శ్లాబును చేరకముందే ఆగుతుంది. కింద అమర్చితే శ్లాబు పగలంతా కాగుతూనే ఉంటుంది. వ్యాకోచ సంకోచాలకు లోనై పగుళ్ళు తీస్తుంది. వేడి ప్రాంతాలలో బంధకం బయటివైపు ఉండాలని ఇంజనీర్లు చెప్పడానికి కారణం ఇదే.

దేశంలోని వివిధ ప్రాంతాలవారు ఈ రెండు గుణాలను, అనగా నిరోధాన్ని, నిలువ ఉంచుకొనే శక్తిని, తమ శీతోష్ణస్థితికి తగినట్లు వాడుకున్నారు. జైసల్మేరులోని 60 సెంటీమీటర్ల ఇసుకరాతి గోడకు, వాహకత 2 అనుకుంటే, నిరోధం 0.3 మాత్రమే, 2 సెంటీమీటర్ల థర్మోకోల్ కన్న తక్కువ. అయినా ఆ ఇల్లు పగలు చల్లగా ఉండడానికి కారణం, ఎడారి పగటి వేడిమి ఆ మందాన్ని దాటేలోపున చల్లని రాత్రి రావడమే. తేమగాలి వల్ల రాత్రులు కూడ ఉక్కగా ఉండే మన సముద్రతీరంలో బరువైన గోడ అంతగా ఉపకరించదు. ఇక్కడ తేలికగా ఉండి, వేడిమిని ఆపి, గాలి ఆడనిచ్చే తాటాకు కప్పే యుక్తమైనది. రాయలసీమలో దూలాలపై చవుడుమట్టి పరచి మిద్దెలు కట్టారు. శీతకాలంలో ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీల దిగువకు పోయే లడఖ్‌లో సైతం దూలాలపై పుల్లలు, గడ్డి, మట్టి పరచి కప్పు వేస్తారు. అక్కడ ఉష్ణం లోపలి నుండి బయటికి పోతుంది. దిశ మారినా, నిరోధాల కూడిక మాత్రం మారదు.

పక్కా ఇళ్ళు విడిచి తిరిగి పూరిళ్ళకు పోవాలని దీని భావం కాదు. నిప్పుకు, తుఫానుకు, ఏటేటా కప్పు మార్చే ఖర్చుకు భయపడి మన గ్రామీణులు ఆకును విడిచిపెట్టడం న్యాయమే. కాని ఆకుతోపాటు అది ఇచ్చిన 2.14 నిరోధాన్ని కూడ విడిచిపెట్టామని ఆనాడు ఎవరూ లెక్కించలేదు. ఆ పోయినదానిని తిరిగి కప్పుకు చేర్చే మార్గాలు నేడు మన చేతిలో ఉన్నాయి.

విద్యార్థులు ఒక కొలబద్ద తీసుకొని తమ ఇంటికప్పు, పాఠశాల కప్పు ఏ పొరలతో ఏర్పడ్డాయో, ఒక్కొక్కటి ఎంత మందమో తెలుసుకొని, పై పట్టిక సహాయంతో ఉష్ణప్రసార గుణకాన్ని లెక్కకట్టి చూడవచ్చు. అది 1.2కు ఎంత దూరంలో ఉన్నదో తెలిస్తే, వచ్చే వేసవిలోగా ఆ కప్పుకు ఏమి కావాలో, సున్నమా, మట్టా, పలకా, ఎంత మందమో, తామే నిర్ణయించగలుగుతారు.